మగ్గానికి చుట్టిన బొమ్మ

టీచరమ్మ పోయిందన్న కబురు నాకు రాలేదు. మా ఆమెకు వచ్చింది. కోరుట్ల నుంచి టీచరమ్మ తమ్ముని బిడ్డ ఫోన్ చేసింది. నేను అన్నం తిని అరుగు మీద కూర్చున్నాను. లోపలి నుంచి మా ఆమె గొంతు వినబడింది.

"ఎప్పుడు బిడ్డా? నిద్రల్నే పోయిందా? దగ్గర ఎవలున్నరు?"

లేచి లోపలికి పోయాను. ఫోన్ ఒడిలో పెట్టుకొని బీడీ ఆకు కత్తిరిస్తోంది. కత్తెర ఆగలేదు.

"టీచరమ్మ పోయింది" అన్నది.

"కోరుట్ల బస్సు ఎన్ని గంటలకున్నది?" అన్నాను నేను.

ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఏడవాలో, కూర్చోవాలో తోచనప్పుడు నా నోటికి ఇట్లాంటి మాటలే వస్తాయి.

చదివేవాళ్లకు ఆమె ఎవరో చెప్పాలి. మా సిరిసిల్లలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు. పుట్టింది కోరుట్లలో. తర్వాత జగిత్యాలకు బదిలీ అయి అక్కడే రిటైరైంది. చివరి ఏళ్లు మళ్లీ కోరుట్లలో, తమ్ముడి ఇంట్లో. పెళ్లి చేసుకోలేదు. ఆమె వేసిన బొమ్మలు పట్నంలో పెద్దపెద్ద గదుల గోడలకు ఉన్నాయట. నేను చూడలేదు. నేను ఆమెకు బొమ్మలు వేసుకునే బట్ట నేసిచ్చినవాణ్ణి. మాకున్న సంబంధం అదొక్కటే. కానీ అది ఇరవై ఏళ్ల సంబంధం.

కర్మ రోజున కోరుట్ల పోతే, వాకిట్లో ఆమె బొమ్మలు కొన్ని తాడు కట్టి వేలాడదీశారు. అన్నీ ఆడవాళ్ల బొమ్మలే. నారు పెట్టేవాళ్లు, పసుపు ఉడకబెట్టేవాళ్లు, ఆకు చుట్టేవాళ్లు. చేతులు పెద్దగా, నరాలతో సహా ఉంటాయి. ముఖాలు ఉండవు. ముఖం ఉండాల్సిన చోట వట్టి మరక. గాలికి ఆ బొమ్మలు ఊగుతుంటే వచ్చినవాళ్లంతా చెప్పులు విడిచి చూస్తున్నారు.

పట్నం నుంచి ఒక పిల్ల వచ్చింది. బొమ్మలు వేస్తుంది, బొమ్మల గురించి రాస్తుంది కూడా. నా దగ్గరకు వచ్చి కింద కూర్చున్నది.

"ఆ బట్ట నేసింది మీరేనా తాతా?"

"నేనే బిడ్డా."

"మేడం గారు ముఖాలు ఎందుకు వేయలేదో మీకు ఎప్పుడైనా చెప్పారా? ఆడవాళ్లు ఇంత పని చేసినా వాళ్లను ఎవరూ చూడరు కదా, అది చెప్పడానికే ముఖం తీసేశారని అందరం రాస్తాం. క్లాసుల్లో అట్లాగే చెబుతారు. ఆమెను చూసి మాలాంటివాళ్లు ఎంతమంది అట్లా వేశారో! నేనూ వేశాను. మీరేమంటారు?"

"నాకు తెల్వది బిడ్డా" అన్నాను.

అప్పుడు ఆ పిల్ల, టీచరమ్మ తమ్ముని బిడ్డ కలిసి అడిగారు. ఆమె మీద ఒక పుస్తకం వేస్తున్నారట, నన్ను రెండు పేజీలు రాసియ్యమన్నారు. నేను ముస్తాబాద్ అవతల మా ఊరి బడిలో ఐదు దాకా చదివినవాణ్ణి. ఉత్తరం తప్ప ఏదీ రాయలేదు. తప్పులుంటే దిద్దుకుంటామన్నారు. సరే అన్నాను. బస్సెక్కాక, ఎందుకు ఒప్పుకున్నానా అనిపించింది.

ఎందుకంటే నేను ఆ పిల్లకు అబద్ధం చెప్పాను. మిగతా బొమ్మల సంగతి నాకు నిజంగానే తెలియదు. కానీ మొట్టమొదటి బొమ్మలో ముఖం ఉండేది. దాన్ని టీచరమ్మ తీసెయ్యలేదు. నేను తుడిచాను. అది మా ఆమె ముఖం.

ఇది రాయాలా వద్దా అన్నది నాకు పెద్ద పరేషాన్ అయింది. రాస్తే టీచరమ్మ పేరు తగ్గుతుందేమో. రాయకపోతే ఆ పిల్లలంతా నా తప్పును పాఠంలాగా చదువుకుంటూ పోతారు. ఏది మంచిదో తేలక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివినవాళ్లే తేల్చండి.

టీచరమ్మ మొదట మా ఇంటికి వచ్చింది ఎండాకాలం. ఒంటి పూట బడి అయిపోయాక గొడుగు వేసుకొని నడిచి వచ్చింది. అప్పటికే సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు ఎక్కువైంది. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి గుంటమగ్గం మీద నేసేవాళ్లం కొందరమే మిగిలాం. వచ్చీరాగానే, నేసి మడతపెట్టిన దుప్పటి తీసి చెంపకు ఆనించుకున్నది. బట్టను అందరూ వేళ్లతో చూస్తారు. చెంపతో చూసిన మనిషి నాకు ఆమె ఒక్కతే.

"తమ్మీ, నాకు ఇంతకంటే మందం కావాలె. గంజి పెట్టద్దు, రంగు పెట్టద్దు, అంచు మాత్రం గట్టిగుండాలె."

"ఏం చేసుకుంటవ్ టీచరమ్మా? గోనెసంచా?"

"బొమ్మలేసుకుంట. పట్నం నుంచి తెచ్చే బట్ట నా మాట ఇంటలేదు."

బట్ట మాట వినడమేందో నాకు అర్థం కాలేదు. నేసిచ్చాను. ఆ బట్ట మీద చింతగింజల జిగురు, తెల్లమట్టి కలిపి పూసి ఎండబెట్టేది. పటం కథలు చెప్పేవాళ్ల కోసం బొమ్మలు వేసే ఇళ్లలో ఆడవాళ్లు బట్టను అట్లా తయారు చేసేవాళ్లట. వాళ్ల దగ్గరే నేర్చుకున్నానని చెప్పింది. "జిగురు ఆడోళ్లు నూరుతరు, రంగులు ఆడోళ్లు నింపుతరు, చివరికి కండ్లు దిద్ది పేరు పెట్టుకునేది మొగోళ్లు" అన్నది. అప్పుడు నేను గుంటలో కూర్చొని నేస్తున్నాను. నన్నేమైనా అన్నదా అని చూశాను. నన్ను చూడటం లేదు. గొడుగు మడుస్తోంది.

కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. మా ఆమె రాట్నం పక్కన కింద కూర్చునేది. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకునేది. కుంచెను చీర కొంగుకే తుడిచేది కాబట్టి ఆమె కొంగులన్నీ రంగురంగులు. బడి పిల్లలు హోలీ టీచర్ అనేవాళ్లట. సర్వపిండి చేసుకొని వస్తే మొదటి ముక్క మా ఆమెకు, రెండోది నాకు. ఈ వరుస ఎప్పుడూ తప్పలేదు. నేను గమనించనట్టు తినేవాణ్ణి.

ఒకరోజు అడిగింది.

"తమ్మీ, ఒక్క బట్ట నెయ్యాలంటే ఎందరు కావాలె?"

"ఎందరెందుకు? నేనొక్కన్నే నేస్త."

రాట్నం దగ్గర మా ఆమె దగ్గింది.

"అది దగ్గు గాదు తమ్మీ, జవాబు" అన్నది టీచరమ్మ.

నూలు తడిపేది, ఆరబెట్టేది, తెగిన పోగులు అతికేది, కండెలు చుట్టేది అంతా మా ఆమె. కండె లేకపోతే, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పోగు ఉండదు. పోగు లేకపోతే నేను గుంటలో కూర్చొని గోడ చూడాల్సిందే. అది నాకు తెలియక కాదు. కానీ చేనేత సంఘంలో పేరు నాది, బట్ట తీసుకుపోయేది నేను. ఎవరడిగినా 'నేనే' అన్న మాట అలవాటుగా వచ్చేది.

ఆమె దగ్గర ఒక బరువైన బొమ్మల పుస్తకం ఉండేది. అట్ట ఊడిపోతే చీర పేలికతో కుట్టుకున్నది. మా ఆమె కండెలు చుడుతుంటే పక్కన కూర్చొని తిప్పి చూపించేది. వేరే దేశాల వాళ్లు, మన దేశం వాళ్లు, బొమ్మలు వేసిన ఆడవాళ్లు.

"గీ బొమ్మ ఏసింది ఒకామె, చెల్లె. శానా ఏండ్లు వాళ్ల నాయన ఏసిండనే అనుకున్నరు."

"మరి ఆమె చెప్పలేదా అక్కా?"

"చెప్పే ఉంటది. ఎవలిన్నరు?"

ఇంకో పేజీ తిప్పింది. నేను గుంటలోంచి తలెత్తి చూసి వెంటనే దించుకున్నాను. ఒంటి మీద నూలుపోగు లేని ఆడమనిషి బొమ్మ. మా ఆమె రాట్నం ఆపింది.

"థూ! గీమెకు ఓ చీరన్న కట్టరాదా? మనింట్ల గన్ని బట్టలున్నయి, ఓ గజం ఇయ్యకపోదుమా?"

టీచరమ్మ పడీపడీ నవ్వింది. "ఏసినోడు మొగోడు, చెల్లె. కట్టుకోనియ్యలే."

"అంతసేపు గట్ల కూసుంటే ఆమెకు సలి పెట్టలేదా?"

టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. సంచిలోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నది. "నేను సదువుకున్న కాలేజీల గిది ఎవలూ అడగలే. నేను గూడ అడగలే" అన్నది. మా ఆమె అన్న మాటను ఒకరు రాసుకోవడం నేను అప్పుడే చూశాను. నాకు గర్వంగా అనిపించాలి. ఏదో గుబులైంది. ఎందుకో చెప్పలేను.

తర్వాత కొన్నాళ్లకు టీచరమ్మ, మా ఆమె బొమ్మ వేస్తానన్నది. మా ఆమె నన్నడగలేదు. "ఎయ్యి అక్కా, కాని నేను కండెలు చుట్టుకుంటనే ఉంట. ఊకె కూసునుడు నాతోని గాదు" అన్నది. మా ఇంటి బయటి గోడ పక్కన పగలంతా నీడ ఉంటుంది. రాట్నం అక్కడ పెట్టుకుంది. టీచరమ్మ ఎదురుగా కర్ర చట్రానికి బట్ట బిగించుకొని వారం పది రోజులు మధ్యాహ్నాలు వచ్చి వేసింది.

ఆ గోడ సంగతి చెప్పాలి. అవి అన్నల కాలం. నక్సలైట్లను మా దిక్కు అన్నలు అనేవాళ్లు. గోడల మీద ఎర్ర రాతలు వెలిసేవి. పోలీసులు వచ్చి గోడ ఎవరిదైతే వాళ్లచేతనే సున్నం వేయించేవాళ్లు. మా గోడ మీదా ఒకసారి రాశారు. నేనే సున్నం వేశాను. సున్నం పలచన, ఎరుపు చిక్కన. అక్షరాలు లేత గులాబీ రంగులో లోపలి నుంచి కనబడుతూనే ఉండేవి.

టీచరమ్మ ఏది కనబడితే అది వేసే మనిషి. రాట్నం, కండెల బుట్ట, మా ఆమె, వెనక గోడ, గోడ లోపలి నుంచి ఉబికే ఆ ఎర్ర అక్షరాలు. ఒక పక్క తలుపులోంచి మగ్గం గుంట కొంచెం కనబడుతుంది. అందులో రెండు కాళ్లు. అవి నావి. నేను అంతే ఉన్నాను.

"టీచరమ్మా, నా మొఖమేది?" అన్నాను.

"నువ్వు గుంటల్నే ఉంటవ్ కద తమ్మీ. నాకు కాళ్లే కనబడ్డయి."

మా ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఎక్కడో కలుక్కుమన్నది.

బొమ్మలో మా ఆమె ముఖం నేరుగా ఎదుటివాళ్లనే చూస్తుంది. తలదించుకొని కండెలు చుట్టే మనిషి, ఎవరో పిలిస్తే తలెత్తి చూసినట్టు. నాకంటే ముందు పక్కింటి వాళ్లే చూసి "అచ్చం గట్లనే ఉన్నది" అన్నారు. నేను ముఖం వైపు సరిగా చూడలేదు. సిగ్గనిపించేది. ఎవరి భార్యనో దొంగచాటుగా చూస్తున్నట్టు ఉండేది.

బొమ్మ ఆరక ముందే ఆమెకు జగిత్యాల బదిలీ ఆర్డరు వచ్చింది. పచ్చి రంగు బస్సులో పోదు. "ఆరినంక తీస్కపోత తమ్మీ, జర భద్రం" అని మా ఇంట్లోనే పెట్టి పోయింది.

ఆ బదిలీ వెనక కూడా ఒక కథ ఉన్నదని తర్వాత తెలిసింది. బడి గోడ మీద ఆమె ఒక బొమ్మ వేసింది. పోలీసాయన వచ్చి "ఈ ఆడది పిడికిలి ఎందుకు బిగించింది?" అని గద్దించాడట. "పిడికిలి కాదు సారూ, రొట్టెల పిండి పిసుకుతున్నది" అన్నదట. నిజంగా పిండే. అయినా సున్నం వేయించారు. ఇటు అన్నల్లో ఒకాయన మా ఇంట్లోనే పట్టపగలు ఆమెను కలిసి, తుపాకి పట్టిన ఆడవాళ్ల బొమ్మలు వేసియ్యమని అడిగాడు. ఆమె అడిగింది: "ఏస్త తమ్మీ. కాని ఒక మాట చెప్పు. గా అక్కలు తుపాకి పట్టినప్పుడు మీకాడ వంట ఎవలు చేస్తున్నరు?" ఆయన చాలాసేపు టీ తాగాడు. "నువ్వు మారవు అక్కా" అని లేచిపోయాడు. ఆమె ఎవరి పక్షమో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. భయం లేని మనిషి అని మాత్రం తెలుసు. నేను భయమున్న మనిషిని.

టీచరమ్మ జగిత్యాల పోయిన మూడు వారాలకేమో, వెనక వాడకట్టులో సోదాలు మొదలయ్యాయి. ఒకరింట్లో ఏదో ఎర్ర కాగితం దొరికిందని ఆ ఇంటాయనను తీసుకుపోయారు. పొద్దున పదింటికి నాకు ఆ కబురు తెలిసింది. తర్వాత వచ్చేది మా వాడకట్టుకే అన్నారు. మా ఆమె నీళ్లకు పోయింది. గోడకు ఆనించి బొమ్మ ఉన్నది. గోడ మీద ఎర్ర అక్షరాలున్న బొమ్మ.

కిరసనాయిలు సీసా తీసుకున్నాను. గుడ్డ తడిపాను. రంగు పైకి ఆరినా లోపల పచ్చిగానే ఉన్నది. తుడిస్తే పోతుంది.

ఇక్కడే నాకు ఇన్నేళ్లుగా అర్థం కానిది ఉన్నది. భయం ఎర్ర అక్షరాల గురించి. తుడవాల్సింది అక్షరాలను. నేను ముందు ముఖం తుడిచాను.

ముఖం ఉంటే ఆమెను గుర్తుపడతారు, ఆమెను తీసుకుపోతారు, అందుకే తుడిచానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే అనుకుంటాను. కానీ ఇంట్లోనే మనిషి ఉండగా, బొమ్మలో ముఖం లేనంత మాత్రాన ఎవరు గుర్తుపట్టరు? ఇంకోటి కూడా ఉన్నదేమో. గుడ్డ పట్టుకొని దగ్గరికి పోతే ఆ ముఖం నన్ను చూస్తోంది. ఏమో అడగబోతున్నట్టు చూస్తోంది. నేను కండ్లు మూసుకొని తుడిచాను. తెరిచేసరికి చామనఛాయ మరక మిగిలింది.

అక్షరాల మీదికి పోయే లోపు మా ఆమె బిందెతో వచ్చింది.

"పోలీసోళ్లు అస్తున్నరట" అన్నాను.

ఆమె బొమ్మను చూసింది. గుడ్డను చూసింది. బిందె దించింది. "మగ్గానికి చుట్టెయ్యి" అన్నది.

నేసిన బట్ట నేసినట్టే చుట్టుకునే గుండ్రటి కర్ర మగ్గం ముందు ఉంటుంది. దాన్ని దోనె అంటాం. పడుగు వదులు చేసి, ఆ దోనెకు ఉన్న బట్ట మీద, చట్రం నుంచి విప్పిన బొమ్మను పరిచి, ఇద్దరం రెండు కొసలు పట్టుకొని చుట్టాం. పైన బట్ట లాగి బిగించాను. కూర్చొని నేయడం మొదలుపెట్టాను. ఆమె రాట్నం ముందుకు పోయింది. వాళ్లు వచ్చేసరికి బొమ్మ మీద బట్ట ఇంకో రెండు చుట్లు ఎక్కింది.

ఇల్లంతా చూశారు. ఒకాయన లాఠీతో దోనె మీద తట్టాడు.

"ఏం నేస్తున్నవ్?"

"దుప్పటి సారూ."

"ఇంట్ల ఎవరెవరుంటరు?"

నా పేరు చెప్పాను. రాసుకున్నారు. మా ఆమె పేరు అడగలేదు. ఆమె అక్కడే, నాలుగు అడుగుల దూరంలో కండెలు చుడుతూ ఉన్నది. రాట్నం ఒక్కసారి కూడా తడబడలేదు. నా నాడె మాత్రం రెండుసార్లు జారింది. వాళ్లు పోయారు.

ముఖం సంగతి ఆమె ఆ రోజు అడగలేదు. తర్వాతా అడగలేదు. నేను చెప్పలేదు. అట్లా ఏళ్లు గడిచిపోయాయి.

నెల దాటాక టీచరమ్మ జగిత్యాల నుంచి వచ్చింది. ఆ దుప్పట్లు కోసి బొమ్మ బయటికి తీశాను. రంగు కొంత పైబట్టకు అంటుకుంది. ఎర్ర అక్షరాలు అద్దంలోలాగా తిరగబడి దుప్పటి లోపలి వైపు దిగాయి. రాట్నం చెక్కు చెదరలేదు. చేతులు అట్లాగే ఉన్నాయి.

"దోనె మీద ఒరుసుకపోయింది టీచరమ్మా" అన్నాను.

ఆమె ఆ మరక దగ్గరికి వంగింది. వాసన చూసింది. కిరసనాయిలు వాసన నెల రోజులకు పోతుందో లేదో నాకు తెలియదు. చాలాసేపు అట్లాగే వంగి ఉన్నది. లేచి ఒక్కటే మాట అడిగింది.

"చెల్లెను అడిగినవా తమ్మీ?"

"అప్పుడామె ఇంట్ల లేదు" అన్నాను.

అన్నాకగానీ తెలియలేదు, నిజం నా నోటి నుంచే జారిందని. టీచరమ్మ బొమ్మ చుట్టుకున్నది. మా ఆమె ఆమెను సాగనంపడానికి బస్టాండు దాకా పోయింది. నేను గుంటలోకి దిగి నేస్తూ కూర్చున్నాను.

ఆ బొమ్మనే ముందు పట్నంలో పెట్టారట. పేపర్లో వేశారు. ముఖం లేకుండా వేయడం గొప్ప ఆలోచన అని రాశారు. టీచరమ్మ ఆ కాగితం తెచ్చి మా ఆమెకు చదివి వినిపించింది. నేను వెనక్కి తిరిగి పోగు అతుకుతున్నట్టు నిలబడ్డాను. ఆ తర్వాత ఆమె పెద్ద బొమ్మల్లో ఎవరికీ ముఖం వేయలేదు. చేతులు ఇంకా పెద్దవి అయ్యాయి. బట్ట మాత్రం నా దగ్గరే నేయించుకునేది. మగ్గం వదిలేసేదాకా జగిత్యాలకు నేనే బస్సులో మోసుకుపోయి ఇచ్చాను. పోయిన ప్రతిసారీ ఆ గదిలో ముఖం లేని ఆడవాళ్లు వరుసగా ఉండేవాళ్లు. నన్ను క్షమించి అట్లా వేస్తోందా, నా తప్పును నాకు చూపించడానికి వేస్తోందా, ఈ రెండూ కాక ఆమె ఆలోచన ఆమెకున్నదా? ఒకసారి ధైర్యం చేసి "నాకు నీ బొమ్మలు సమజ్ గావు టీచరమ్మా" అన్నాను. అక్కడి నుంచి అసలు మాటకు వద్దామనుకున్నాను.

"సమజ్ గాలేదంటే సిగ్గేం లేదు తమ్మీ. అయిందని అబద్ధం చెప్తేనే సిగ్గు" అన్నది. సర్వపిండి ముక్క చేతిలో పెట్టింది. అసలు మాట చెప్పకుండానే, అది తిని వచ్చేశాను. ఇప్పుడు చెప్పుకుందామంటే ఆమె లేదు.

కోరుట్ల నుంచి వచ్చిన మర్నాడు కాగితాలు ముందు పెట్టుకొని కూర్చున్నాను. మా ఆమె ఎదురుగా చాటలో ఆకు, తంబాకు పెట్టుకొని బీడీలు చేస్తోంది. మగ్గం పోయాక ఆమెకు ఇదే పని.

"ఏం రాస్తున్నవ్?"

"టీచరమ్మ గురించి. పుస్తకంల ఏస్తరట."

"ఏమని?"

నేను కాగితం వైపే చూస్తూ చెప్పాను. "గా బొమ్మల నీ మొఖం దోనెకు ఒరుసుకపోలే. నేనే తుడిచిన. గది రాస్తున్న."

ఆమె బీడీకి దారం చుట్టడం పూర్తి చేసి చాటలో పడేసింది. "టీచరమ్మకు ఎరుకే" అన్నది.

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్తరు? నేనే చెప్పిన. బస్టాండుల. నువ్వు గుడ్డ చేతిల పట్టుకొని నిలబడితే చూసిన గద."

ఆమే చెప్పుకుపోయింది.

"మళ్ల ఎయ్యనా చెల్లె అన్నది. నీకు ఎట్ల కావాలంటే గట్ల చేస్త, మొఖం నీది అన్నది. నేనన్న, గా బట్ట మీద ఎయ్యకు అక్కా, ఆయన మళ్ల భయపడతడు. ఏరే ముక్క మీదేసి నాకియ్యి, నా దగ్గర పెట్టుకుంట అన్న. ఆ తర్వాత అచ్చినప్పుడు తెచ్చిచ్చింది."

"మరి గా బొమ్మలన్నిటికి మొఖాల్లేకుంట ఎందుకేసింది?"

"నాకేం తెలుసు? గది నేను అడగలే. నాదైతే ఏసిచ్చింది."

"ఏది?"

లేచి పోయింది. బట్టల సందూక తెరిచిన చప్పుడు. అడుగు నుంచి ఏదో లాగింది. పాత రవిక గుడ్డలో చుట్టిన బట్టముక్క, రెండు జానెలు ఉంటుంది. తెచ్చి నా కాగితాల మీద పరిచింది. ఇన్నేళ్లు అదే ఇంట్లో, నేను రోజూ అంగీ తీసుకునే సందూకలోనే ఉన్నది.

"నాకు చెప్పలేదేం?" అన్నాను.

"ఏం చెప్పాలె?" అన్నది. కోపంగా కాదు. నిజంగానే ఏం చెప్పాలో అడిగినట్టు అన్నది.

బట్ట నాదే. అంచు చూడగానే పోల్చుకున్నాను. పేకలో ఎక్కడ ఒక పోగు వదులైందో, అది ఏ ఎండాకాలం నూలో కూడా చెప్పగలను. దాని మీద పాతికేళ్ల ఆడమనిషి ముఖం. ఎవరో పిలిస్తే తలెత్తి చూసినట్టు. నుదుటి మీద చెమట, చెవి దగ్గర అంటుకున్న నూలు పీచు. కండ్లు నేరుగా నన్నే చూస్తున్నాయి.

"అచ్చం గట్లనే ఉన్ననా?" అన్నది మా ఆమె.

నేను ముఖాన్ని చూశాను. తలెత్తి ఆమెను చూశాను. మళ్లీ ముఖాన్ని చూశాను. ఆ వయసులో ఆమె ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాట్నం చప్పుడు గుర్తొచ్చింది. కండెలు అందించే చెయ్యి గుర్తొచ్చింది. గుంటలోంచి చూస్తే కనబడే చీర కుచ్చిళ్లు, పాదాలు గుర్తొచ్చాయి.

ఆమె జవాబు కోసం ఇంకొంచెంసేపు చూసి, చాట ఒళ్లోకి లాక్కొని ఇంకో ఆకు తీసుకున్నది. బొమ్మలో ఆమె మాత్రం తల దించలేదు.